పీటల మీద కూర్చోని అల్లుడు

పదహారు రోజుల కిందట నకరికల్లు నుంచి బయలుదేరిన నలుగురూ ఈ సాయంత్రం వియన్నా విడిచి వెళ్ళాలి.

హనుమాయమ్మ కూతుర్ని చూసి అయిదేళ్ళయింది. మండలాధ్యక్షుడైన కొడుకు నాగేశ్వరరావు ఈ ప్రయాణాన్ని రెండుసార్లు వాయిదా వేశాడు. మూడోసారి తల్లి అన్నం మానేస్తే గాని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం ధారాళంగా భార్య శేషారత్నాన్నీ, పదో తరగతి పూర్తిచేసిన కూతురు కల్పలతనూ కూడా వెంటబెట్టుకొచ్చాడు. అల్లుడు త్రికోటేశ్వరరావు ఇక్కడ పదేళ్ళుగా ఇంజనీరు. సెలవులు పెట్టుకుని మరీ వాళ్ళకు కోటలూ తోటలూ తిప్పి చూపించాడు. కూతురు భ్రమరాంబ పూటకో పప్పూ పచ్చడీ చేసిపెట్టింది.

అందరితో బాగానే ఉన్న భ్రమరాంబ వదినతో మాత్రం ముక్తసరిగా ఉంది. కారణమేమిటో శేషారత్నానికి అంతుపట్టలేదు. నిన్న సాయంత్రం ఇద్దరూ వంటగదిలో ఉన్నప్పుడు భ్రమరాంబ తల తిప్పకుండానే, "మీరు వెళ్ళేలోగా నిన్నొక మాట అడగాలి వదినా. నిజం చెప్పాలి నువ్వు" అంది. అంతలో హనుమాయమ్మ మజ్జిగ కోసం రావడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఈ చివరి రోజు పొద్దున్నే హనుమాయమ్మ ఏటి దగ్గరికి తీసుకెళ్ళమంది.

"వచ్చిన ఊళ్ళో ఏటికి చెప్పకుండా పోకూడదురా" అంది కొడుకుతో.

"అది డాన్యూబ్ అమ్మా. దానికి తెలుగు రాదు."

"నీకన్నా నయమేలే. చెబితే ఇంటది."

ట్రాములో రెండు స్టాపులు వెళితే ఊరి మధ్యగా పారే పాయ వచ్చింది. రెండు పక్కలా రాతి గట్లు, గట్ల మీద వరసగా బెంచీలు. హనుమాయమ్మ కమ్మీల దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"ఏందబ్బా, దీనికా ఇంత పేరు? సాగర్ కుడికాలవకి నీళ్ళొదిలితే ఇంతకి రెండింతలుంటది."

"ఇది పాయే అత్తయ్యా. అసలు నది ఊరవతల" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"పాయ అయితేనేం, తల్లే" అని మెట్లు దిగసాగింది. అతను గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలి, దణ్ణం పెట్టుకుంది. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఆగి అనుమానంగా చూస్తే, అతను ఆ భాషలో ఏదో సర్దిచెప్పాడు. మెట్లెక్కేటప్పుడు ఆమె ఆయాసం తీర్చుకోవడానికి ఆగిన ప్రతిసారీ తనూ ఆగాడు. సొంత కొడుకు మాత్రం గట్టు మీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

ఈ మనిషి మంచివాడు, మరి భ్రమరాంబతో ఎందుకు పొడిపొడిగా ఉంటాడు అనుకుంది శేషారత్నం. ఈ పదహారు రోజుల్లో ఆమె చాలా గమనించింది. కాఫీలో చక్కెర కావాలంటే అతను మూడు సొరుగులు తెరిచి చూసేవాడు, చెంచాలు ఎక్కడుంటాయో కూడా తెలియనట్టు. రోజూ రాత్రి భోజనం చేసి, డ్యూటీ అని వెళ్ళి, పొద్దున టిఫిన్ వేళకు వచ్చేవాడు. సెలవు పెట్టిన మనిషికి డ్యూటీ ఏమిటని ఆమె ఒకసారి అడిగితే, పగటి డ్యూటీకే సెలవు అని నాగేశ్వరరావు జవాబిచ్చాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో తగాదా నడుస్తోందని తేల్చుకుంది శేషారత్నం. తమ ఎదుట బయటపడకపోవడం వాళ్ళ మర్యాద అని కూడా అనుకుంది.

ట్రాము ఎక్కబోతూ నాగేశ్వరరావు ఆగిపోయాడు.

"మీరు పదండి. నాకింకా నాలుగు పెన్నులూ రెండు వాచీలూ తగ్గినయ్. సర్పంచులందరికీ ఇచ్చి ఒకడికి ఇవ్వకపోతే ఆడు పార్టీ మారతాడు. నాలుగున్నరకి టాక్సీ తీసుకునే వస్తా, పెట్టెలు సర్దుకుని ఉండండి." తల్లి వైపు తిరిగాడు. "వాళ్ళకి తెచ్చిన బట్టలు బ్యాగులో పెట్టి చెల్లాయి చేతికియ్యి. పీటలూ గీటలూ అని పెట్టుకోమాక, టైం లేదు."

"సర్లేరా" అంది హనుమాయమ్మ.

ఆమె సర్లే అన్నదంటే వినలేదని అర్థం. కోడలికి ఆ సంగతి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు.

ఇల్లు మూడో అంతస్తులో ఉంది. భోజనాలయ్యాక హనుమాయమ్మ తన పెట్టె తెరిచి అడుగున ఉన్న మూట పైకి తీసింది. అల్లుడికి జరీ పంచెల చాపు, కూతురికి మామిడిపిందెల అంచు పట్టుచీర, జాకెట్టు గుడ్డ. నాలుగు మూలలా పసుపు పెట్టి నకరికల్లులోనే మడిచి తెచ్చింది. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తమలపాకులు ఫ్రిజ్‌లో ఇన్నాళ్ళుండి నల్లబడ్డాయి. వాటిలోంచి బాగున్నవి అయిదు ఏరింది. గిన్నెలో బియ్యం పోసి పసుపు కలిపింది.

"పీటలేయవే కల్పలతా."

"ఈ ఇంట్లో పీటలెక్కడ నానమ్మా? రొట్టె కోసే చెక్కలున్నయ్."

"అయ్యే తే."

కల్పలత రెండు చెక్కలు తెచ్చి నేల మీద పెట్టి నవ్వింది. "మామయ్యకి ఒక్క కాలు కూడా పట్టదు."

శేషారత్నం రెండు దుప్పట్లు మడిచి ఆ చెక్కల మీద పరిచింది. "తూర్పు ఎటమ్మా?" అని హనుమాయమ్మ కూతుర్నడిగింది. భ్రమరాంబ వంటగది గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది. త్రికోటేశ్వరరావే కిటికీ వైపు చూపించాడు. అతను అప్పటికే బూట్లు తొడుక్కుని ఉన్నాడు.

"నాకు టైమయింది అత్తయ్యా. నేరుగా విమానాశ్రయానికి వచ్చి కలుస్తాను."

"పది నిమిషాలు నాయనా. బూట్లిప్పు."

"అమ్మా, నా చేతికియ్యి చాలు. ఆయనకి నేనిస్తాగా" అంది భ్రమరాంబ.

"చేతికిచ్చి పోవటానికి నేనేమన్నా బట్టల మూటోడినంటే? ఆడపిల్ల ఇంట్లో పదహారు రోజులు తిన్నా. ఇద్దర్నీ కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలేస్తే గాని నాకు ఇమానంలో నిద్ర పట్టదు. మళ్ళీ వస్తానా చస్తానా? రా, కూర్చో."

భ్రమరాంబ చేతులు తుడుచుకుని వచ్చి, ఎడం వైపు దుప్పటి మీద కూర్చుంది. కొంగు భుజం నిండా కప్పుకుని, తల వంచుకుంది. హనుమాయమ్మ ఆమె నుదుట కుంకుమ దిద్ది అల్లుడి కోసం ఎదురుచూసింది.

త్రికోటేశ్వరరావు బూట్లు విప్పాడు. రెండడుగులు వేశాడు. ఒక మోకాలు వంచి, చెయ్యి దుప్పటి మీద ఆనించి, అలాగే ఆగి, మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"నేను కూర్చోలేను అత్తయ్యా."

"మోకాళ్ళ నొప్పా? కుర్చీ ఏసుకో. నా బిడ్డ నీ పక్కన నిలబడుద్ది."

"నొప్పి కాదు."

"కూర్చోండి." భ్రమరాంబ తల ఎత్తకుండానే అంది. "పది నిమిషాలేగా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వు చెప్పినట్టల్లా చేశాను భ్రమరా. కూరలో ఉప్పు చాల్లేదని ఇంట్లో మనిషిలా సణిగాను కూడా. ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ చేశాను. అదంతా నటన అనుకున్నా సరిపోయింది. ఇది వేరు. ఆవిడ అక్షతలు వేసి, పిల్లాపాపలతో చల్లగా ఉండండని దీవిస్తుంది. ఆ దీవెన నాది కాదు. తీసుకుంటే దొంగతనం."

హనుమాయమ్మ గుప్పెట్లో బియ్యం అలాగే ఉన్నాయి.

"మాకు ఇక్కడి కోర్టులో విడాకులై రెండేళ్ళు దాటింది అత్తయ్యా. ఈ ఇల్లు ఆ తర్వాత భ్రమర తీసుకున్నది, నేనుండేది ఇక్కడ కాదు. స్టేషను అవతల ఒక గదిలో ఉంటున్నాను."

శేషారత్నానికి ఆ మాటలు ఒక్కొక్కటే వినిపించాయి గానీ వాటిని కలుపుకోవడానికి కొంతసేపు పట్టింది. ఇల్లు తెలియని మనిషి చెంచాల కోసం వెతుక్కోక ఏం చేస్తాడు? అన్నీ కళ్ళతో చూసింది. చూసి, తనకు తెలిసిన పేరు పెట్టి ఊరుకుంది. మొగుడూ పెళ్ళాల తగాదా అట! ఆమెకు తన మీద తనకే రోత కలిగింది.

"కోర్టంటే ఏ కోర్టు?" అంది హనుమాయమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "గురజాల కోర్టు లాంటిదేనా?"

"అలాంటిదే."

"పెద్దమనుషులెవరు కూర్చున్నారు?"

"ఎవరూ కూర్చోలేదు. మేమిద్దరమే వెళ్ళాం."

"మీ ఇద్దరే కూర్చుంటే అది పంచాయితీ ఎట్టవుద్ది నాయనా? మీ అయ్య లేడు, మేం లేం, అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. ఎవురు తేల్చారు తప్పెవరిదో?"

"తప్పు ఎవరిదీ కాదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడం మానేశాం. మొదట ఒక పూట, తర్వాత ఒక వారం. చివరికి ఒక ఏడాది గడిచిపోయింది."

"దానికి కోర్టు కావాలా? నేనూ మీ మామా నాలుగేళ్ళు మాట్లాడుకోలా" అంది హనుమాయమ్మ. తన మాట తనకే వింతగా తోచి, చేతిలోని బియ్యం వైపు చూసుకుంది.

శేషారత్నం అతని వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఈ సంగతి మా ఆయనకు తెలుసా?"

"బావకు తెలియకపోవడమేమిటి చెల్లెమ్మా? అందరికన్నా ముందు రాసింది బావకే. అప్పుడు మండలం ఎన్నికలు. మా నాన్న మాట మీద మూడూళ్ళ ఓట్లు పడతాయి గదా. భ్రమరను వదిలేశానని తెలిస్తే ఆయన ఎటు తిరుగుతాడో అని, ఓట్లయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని బావ రాశాడు. సరేనన్నాను. గెలిచాక చెబుదామంటే, పదవిలో ఉండగా వద్దన్నాడు. ఇప్పుడు అత్తయ్య వస్తున్నారు, పదహారు రోజులు ఇంట్లో ఉన్నట్టు కనిపించు చాలన్నాడు. దానికీ సరేనన్నాను. నా తప్పు అదీ."

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. హనుమాయమ్మ పాదాలకు వంగబోతే ఆమె వెనక్కి తీసుకోలేదు, చెయ్యి తల మీద పెట్టనూ లేదు. అతను బూట్లు చేత్తో పట్టుకునే బయటికి నడిచాడు. మెట్ల దగ్గర ఆగి తొడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత అది కూడా లేదు.

భ్రమరాంబ దుప్పటి మీద నుంచి లేవలేదు. నుదుటి కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

"ఏమే, నాకెందుకు చెప్పలేదే?" హనుమాయమ్మ కూతురి ఎదురుగా చతికిలబడింది. "రెండేళ్ళు! ఈ దేశంలో ఒంటిగా ఎట్టా బతికావే?"

"ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తున్నా. పొద్దున ఆరింటికి పోతే రెండింటికి అయిపోద్ది. మీరున్నారని సెలవు పెట్టా."

"దుప్పట్లు ఉతుకుతున్నావా? ఇరవై ఎకరాల మాగాణి ఉన్న ఇంటి పిల్లవి! ఇంటికి రావచ్చుగా? మేమేమన్నా చచ్చామా?"

భ్రమరాంబ నవ్వింది. ఆ నవ్వు చూసి కల్పలత గోడ వైపు జరిగింది.

"రావద్దన్నారుగా అమ్మా."

"ఎవురే అన్నది?"

భ్రమరాంబ శేషారత్నం వైపు తిరిగింది. "వదినా, నేను అడగాలన్నది ఇదే. మొదటి రోజు నుంచి చూస్తున్నా. నా జడేశావు, నాతో కలిసి కూరలు తరిగావు, పిల్లకి నా పోలికలొచ్చినయ్ అన్నావు. ఒక్కసారైనా తప్పయిందంటావేమోనని చూశా. అంత రాసి, ఏమీ జరగనట్టు ఎట్టా ఉండగలిగావు?"

"ఏం రాశాను భ్రమరా?"

ఆమె లేచి బీరువాలో చీరల అడుగు నుంచి ఒక నీలం రంగు ఏరోగ్రామ్ ఉత్తరం తెచ్చి వదిన చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగి, అతికించి ఉంది. ఎన్నిసార్లు విప్పి చదివితే అలా అవుతుంది!

శేషారత్నం చదివింది.

"చిరంజీవి సౌభాగ్యవతి భ్రమరాంబకు వదిన ఆశీస్సులతో రాయునది. నీ సంగతి మీ అన్నయ్య చెప్పారు. అత్తయ్యకు చెప్పలేదు. తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు. నువ్వు ఇంటికి వస్తానని రాశావు. రావద్దు. మాకు పెళ్ళి కావలసిన పిల్ల ఉంది. మొగుణ్ణి వదిలిన మేనత్త ఇంట్లో ఉంటే రేపు ఆ పిల్ల కోసం మా గడప ఎవరు తొక్కుతారు? నీకు చదువుంది, చేతనైన పని చేసుకుని అక్కడే ఉండు. ఈ విషయమై ఎవరికీ ఉత్తరాలు రాయవద్దు. ఇట్లు నీ వదిన, శేషారత్నం."

ఆమె కాగితం మీంచి తల ఎత్తింది.

"ఇది నేను రాయలేదు."

"ఏళ్ళ తరబడి నీ ఉత్తరాలు చదివా వదినా. పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తల్లో అవి లేకపోతే పిచ్చెక్కేది. నీ అక్షరం నాకు తెలియదా?"

"నేను రాయలేదు భ్రమరా. దేవుడి మీద ప్రమాణం."

"అయితే నీ చెయ్యి రాసిందా?"

శేషారత్నం మళ్ళీ కాగితం వైపు చూసింది. భ్రమరాంబ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ గుండ్రటి అక్షరం, కొద్దిగా కుడికి వాలిన వరస, తలకట్టు పెట్టి చివర పైకి లేపే తీరు, అన్నీ తనవే. గుంటూరు కాలేజీలో చదివే రోజుల్లో లెక్చరర్లు మెచ్చుకున్న దస్తూరీ. ప్రపంచంలో ఈ దస్తూరీ ఇంకొకరికి ఉంది. రోజుకో పేజీ కాపీ పెట్టి, సరిగా రాకపోతే చింపి మళ్ళీ రాయించి, తనే పట్టుబట్టి నేర్పింది.

వెనక్కి తిరిగి చూడడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. తిరగకుండానే అడిగింది.

"కల్పలతా."

వెనక గోడకు గాజులు తగిలిన చప్పుడయింది.

"ఇటు రా."

పిల్ల రాలేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"నాన్న చెబితే రాశానమ్మా."

హనుమాయమ్మ చేతిలో ఇంతసేపూ ఉన్న బియ్యం నేల మీద రాలాయి.

"నువ్వు పెదనందిపాడులో అమ్మమ్మ దగ్గరున్నావు, నీ ఆపరేషనప్పుడు" అంది కల్పలత. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అమ్మ రాయమంది, అమ్మకి రాసే ఓపిక లేదు, నువ్వు రాయి అన్నాడు నాన్న. ఇట్లా రాయటం ఎందుకు నాన్నా అంటే, పెద్దాళ్ళ విషయాలు నీకు తెలియవన్నాడు. నీతో కూడా అనొద్దన్నాడు. ఇంట్లో ఈ మాటొస్తే నానమ్మ గుండె ఆగిపోద్దన్నాడు. నాకప్పుడు పదమూడేళ్ళమ్మా. నువ్వే చెప్పావనుకున్నా." పిల్ల మేనత్త వైపు చూసింది. "ఇన్నాళ్ళూ నేను మా అమ్మనే తిట్టుకున్నా అత్తా."

భ్రమరాంబ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తన మాట మీద ఆడపడుచు రెండేళ్ళు దుప్పట్లు ఉతికింది. తన మాట మీద కన్నకూతురు రెండేళ్ళు తనను అసహ్యించుకుంటూ, జడ వేయించుకుంటూ, అన్నం పెట్టించుకుంటూ తిరిగింది. ఆ మాట తను అనలేదు. అనలేదని ఈ ప్రపంచంలో తెలిసినవాడు ఒక్కడే, రోజూ తన పక్కన కూర్చుని కాఫీ తాగాడు.

గంట మోగింది.

ఎవరూ కదలకపోతే మళ్ళీ మోగింది. శేషారత్నమే వెళ్ళి తలుపు తీసింది. నాగేశ్వరరావు రెండు చేతులా సంచులతో, చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు.

"దొరికినయ్ వాచీలు. కొట్టువాడు ఎంత అడిగినా తగ్గలా, మనోడే అయితే... ఏందీ, ఇంకా పెట్టెలు కట్టలా? టాక్సీ కింద ఉంది."

నేల మీద మడిచిన దుప్పట్లు చూశాడు. చెల్లాచెదురుగా పడిన పసుపు బియ్యం చూశాడు. విప్పని పంచెల చాపు చూశాడు. భార్య చేతిలోని నీలం కాగితం మీద అతని చూపు ఒక్క క్షణం ఆగింది. ఏమైందని అడగలేదు. అడగకపోవడం శేషారత్నం గమనించింది.

"అవన్నీ ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు. "ముందు పెట్టెలు దించండి. విమానం మన కోసం ఆగదు. అమ్మా, లే. ఏడవటానికి నకరికల్లులో చానా టైముంటది."

"నేనేడుస్తున్నట్టు కనపడుతున్నానంటరా నీకు?" అంది హనుమాయమ్మ. నిజంగానే ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "మీ నాన్న పోయిననాడు కూడా నా ఎదట ఇట్టాగే నిలబడి లెక్కలు చెప్పావు. అప్పుడు గుర్తుపట్టలా నిన్ను."

"అమ్మా, నాలుగు గోడల మధ్య ఉండాల్సిన మాట ఇది. నా ఒక్కడి కోసం చేశానా? రేపు ఈ పిల్ల పెళ్ళి..."

"నా పేరు ఎత్తొద్దు నాన్నా" అంది కల్పలత.

అతను చప్పున కూతురి వైపు తిరిగాడు. ఆ మాట అతను ఊహించలేదు. చేతిలోని సంచి జారి బల్ల మీద పడింది.

శేషారత్నం ఉత్తరాన్ని పాత మడతల మీదుగానే జాగ్రత్తగా మడిచి, తన జాకెట్టులో దోపుకుంది. వెళ్ళి భ్రమరాంబ చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు బరకగా ఉన్నాయి. పదహారు రోజులుగా పట్టుకున్న చెయ్యే అది. వంట పని వల్ల అనుకుంది.

"నువ్వు ఇంటికి వస్తానని రాశావటగా. నాకు ఇప్పుడే అందింది ఆ మాట" అంది. "జవాబు ఇప్పుడు చెబుతున్నా. పద. ఈ విమానంలో చోటు లేకపోతే రేపటి విమానం. రేపు లేకపోతే ఎల్లుండి. నువ్వు బయలుదేరేదాకా నేనూ బయలుదేరను."

"శేషా!" అన్నాడు నాగేశ్వరరావు.

"కదలకుండా ఇక్కడే కూర్చుంటా" అంటూ శేషారత్నం త్రికోటేశ్వరరావు కూర్చోని దుప్పటి మీద కూర్చుంది. "భ్రమరా, వెళ్ళి నీ పాస్‌పోర్టు తెచ్చుకో."

భ్రమరాంబ కదలలేదు. వదిన చేతిలోంచి తన చెయ్యి తీసుకోనూ లేదు. అన్న వైపు చూస్తూ ఉండిపోయింది.

"నా దగ్గర లేదు వదినా" అంది మెల్లగా. "మీరొచ్చిన రోజే అన్నయ్య అడిగి తీసుకున్నాడు."